మాస్కుకు పెట్టిన చిల్లు

కరోనా రెండోసారి వచ్చి మా ఊరిని దులిపి వెళ్లిన ఏడాది, శ్రావణమాసం మొదటి శుక్రవారం, పొద్దున్న పది గంటల పది నిమిషాలకు మా మరిది మళ్లీ షెడ్డు గుమ్మం ఎక్కాడు. గడియారం చూసింది నేనే. నాకు అంకెలూ అక్షరాలూ వచ్చింది యాభై దాటాక. అప్పట్నుంచీ గడియారం కనబడితే టైము చూడకుండా ఊరుకోను, గోడ మీద రాత కనబడితే పైకి చదవకుండా వదలను. షెడ్డు గుమ్మం పక్కన అట్ట మీద ఎర్రరంగుతో రాసి ఉంది: "మాస్కు లేనిదే లోపలికి ప్రవేశము లేదు." మా మరిది ఆ అట్ట ముందు ఆగి, ముక్కు మీద గుడ్డ సర్దుకుని, తల వంచి లోపలికి వచ్చాడు. లోపల మేమందరం మాస్కులతోనే ఉన్నాం. టంకం పనివాళ్లందరి మాస్కులకూ నోటి దగ్గర చిల్లులున్నాయి.

ఆ చిల్లుల సంగతి తెలియాలంటే మా పని తెలియాలి.

మాది బందరు పక్కన చిలకలపూడి. రోల్డు గోల్డు నగలు చేస్తాం. నా పని టంకం, అంటే రాగి తీగలూ ఆకులూ మువ్వలూ ఒకదానికొకటి అతకడం. పెద్ద అతుకులకు గ్యాసు మంట చాలు. ఆవగింజంత అతుకులకు మాత్రం ఊదుగొట్టమే. ఒక చేత పట్టుకారు, ఒక చేత ఇత్తడి గొట్టం, ఎదురుగా దీపం. గొట్టం ఒక కొస పెదాల మధ్య పెట్టుకుని ఊదితే దీపం మంట సూదిలా సాగి అతుకు మీదికి వెళ్తుంది. ఊపిరి తడబడితే తీగ కరిగిపోతుంది. మంట కదలకూడదని షెడ్డులో ఫ్యాను వేయరు, కిటికీ తీయరు. కిటికీ తీయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పక్క షెడ్డువాళ్లు తొంగిచూసి మా డిజైను ఎత్తుకుపోతారని షావుకారు భయం.

గొట్టాలు షెడ్డుకి మూడే. వాటిలో మంచిది మా మామగారు తన చేత్తో చేసింది. మూతి పెట్టే చోట అరిగి అరిగి పెదాలకు అమరిపోయి ఉంటుంది. ఒకరి నోట్లోంచి తీసి ఇంకొకరం నోట్లో పెట్టుకుంటాం. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు పెదవికి తగిలిందంటే "ఎంగిలి చేశావేంటే" అని మా అత్తగారు ఆ గ్లాసుని తోముడు గిన్నెల్లోకి విసిరేసేది. అదే అత్తగారు షెడ్డులో అవతలి మనిషి ఊదిన గొట్టాన్ని తుడవకుండా నోట్లో పెట్టుకునేది. అడిగితే "గొట్టానికి ఎంగిలి లేదే, నిప్పు కడుగుతుంది" అనేది. మా షెడ్డులో అదొక శాసనం.

ఇంకో ఆనవాయితీ ఉంది. ఒకరికి ఊపిరి చాలకపోతే పక్క పీట మనిషి వంగి ఊదిపెట్టాలి. కాదనకూడదు. ముసలైపోయినవాళ్లనూ, జ్వరం నుంచి లేచినవాళ్లనూ షెడ్డు అలాగే నిలబెట్టుకుంటూ వచ్చింది. అది మంచి ఆనవాయితీ, ఇప్పటికీ అదే అంటాను. ఆ మంచి ఆనవాయితీతోనే మా మరిది ప్రాణం పోయేది.

రెండోసారి జబ్బు తగ్గుముఖం పట్టాక షెడ్డు తీశారు. తీసిన మూడో రోజున ఆఫీసువాళ్లెవరో వచ్చి, ఒక్కరి మూతికీ గుడ్డ లేదని జరిమానా రాసి వెళ్లారు. షావుకారు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఇతను పెద్ద షావుకారు కొడుకు. చిన్నప్పుడు నేను చంకనేసుకుని తిప్పిన పిల్లాడు, నన్ను పెద్దమ్మా అంటాడు.

"పెద్దమ్మా, మూతికి గుడ్డ లేకుండా ఎవరు కనబడినా ఆ రోజుకి ఇంటికే. నాకేం చెప్పొద్దు."

"గుడ్డ కట్టుకుని గొట్టం ఎలా ఊదాలయ్యా?"

"అది మీరే చూసుకోండి. గుమ్మంలోంచి చూస్తే మాస్కు కనబడాలి. అంతే."

కనబడాలి, అంతే. ఈ ఒక్క మాటలో ఆ రెండేళ్ల మాస్కుల గొడవంతా ఉంది.

దారి చూసినవాడు నా పక్క పీట అతను. నలభై దాటినవాడు, వరస ఏమీ లేకపోయినా నన్ను అత్తా అంటాడు, నేను అల్లుడూ అంటాను. పట్టుకారు కొస దీపంలో ఎర్రగా కాల్చి మాస్కు మధ్యలో పెట్టి గుండ్రంగా తిప్పాడు. అంచు మాడి గట్టిపడింది, పోగు ఊడదు. గొట్టం సరిగ్గా దూరింది.

"చూశావా అత్తా, పిల్లకి చెవులు కుట్టినట్టు కుట్టాను. బెజ్జం పూడకుండా కొబ్బరినూనె రాయాలేమో!"

"నాకూ కుట్టు నాయనా" అని నా మాస్కు నేనే విప్పి ఇచ్చాను. ఇది దాచను. రెండు నెలలు ఆ చిల్లు మాస్కుతోనే ఊదాను. షావుకారునీ ఆఫీసువాళ్లనీ భలే బోల్తా కొట్టించామని నవ్వుకున్నాను కూడా.

మా పీటల్లో ఒక పెద్దాయన ఉన్నాడు. ఏళ్ల తరబడి సుత్తి చప్పుడు పక్కన కూర్చుని చెవులు పోయాయి. మూతి కదలిక చూసి మాట పట్టుకుంటాడు. మాస్కులు వచ్చిన రోజున ఆయన "మీ మూతులు మూసేస్తే నాకు లోకం మూసేసినట్టేనర్రా" అన్నాడు. మాస్కు వద్దన్నవాళ్లు బందరులో నాకు చాలామంది తగిలారు. వాళ్లలో నిజమైన కారణం ఉన్నది ఈయన ఒక్కడికే. విచిత్రమేమిటంటే ఆయన మాత్రం ఏ గొడవా చేయకుండా పెట్టుకున్నాడు.

ఇక మా మరిది. మా ఆయనకు తమ్ముడు. షెడ్డులో అందరికంటే సన్నపని చేసే చెయ్యి. రెండోసారి జబ్బు ఊపులో పడిపోయాడు. బందరులో మంచం దొరక్క ఆటోలో గుడివాడ తీసుకెళ్లాం. పంతొమ్మిది రోజులు ముక్కుకి గొట్టం. నలభై ఏళ్లు గొట్టంతో ఊపిరి బయటికి ఊదినవాడికి గొట్టంతో ఊపిరి లోపలికి పంపారు. గేటు బయట చెట్టు కింద నేనూ, వాడి కూతురూ కూర్చునేవాళ్లం. ఇంటికి పంపించేరోజు నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఇంకోసారి తగిలితే ఈ ఊపిరితిత్తులు తట్టుకోవమ్మా. ఆయన మాస్కు పెట్టుకుంటే చాలదు. ఆయన చుట్టూ ఉండేవాళ్లు పెట్టుకోవాలి" అంది. సరేనని తలూపాను. అప్పటికి నా మాస్కుకి చిల్లు లేదు.

ఇంటికొచ్చి రెండు నెలలు మంచం మీదున్నాడు. వరలక్ష్మీవ్రతం దగ్గరపడుతుంటే ఆగలేకపోయాడు. ఆ వ్రతానికి ఊళ్లన్నీ అమ్మవారికి హారాలూ వడ్డాణాలూ కొంటాయి, మా సీజను అదే. పని మానేస్తే మంచం మీద చచ్చిపోతానని వాడి భయం, వెళ్తే షెడ్డులో చచ్చిపోతాడని నా భయం.

శుక్రవారం నాడు వచ్చి పీట మీద కూర్చున్నాడు. అల్లుడు "రావయ్యా రా, నువ్వు లేక మా మువ్వలన్నీ మూగవైపోయాయి" అని నవ్వించాడు. మరిది పట్టుకారుతో మువ్వ పట్టుకుని, ముక్కు మీది గుడ్డ కిందికి దించి, తన తండ్రి చేసిన గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాడు. మంట సాగలేదు. వణికి వెనక్కి వచ్చింది. మళ్లీ ఊదాడు. దగ్గు తెర వచ్చేసింది.

అల్లుడికి ఆనవాయితీ ఉందిగా. "ఉండు, నేను ఊదుతా. నువ్వు మువ్వ పట్టుకో" అని మరిది చేతిలోంచి గొట్టం తీసుకుని, తన మాస్కు చిల్లులో దూర్చి, మరిది ముఖానికి జానెడు దూరంలో వంగాడు. ఊదాడు. అతుకు పడింది. "ఇప్పుడు నువ్వు కానీ" అని అదే గొట్టం మరిది నోటికి అందించాడు. అల్లుడి ఇంట్లో ఆ వారం ఇద్దరికి జ్వరమని పొద్దున్న వాడే చెప్పాడు.

నేను లేచి గొట్టం లాగేసుకున్నాను.

"ఏంటత్తా ఇది! నేను సాయం చేస్తుంటే!"

"నీ సాయం తగలెయ్య! ఇంట్లో జ్వరాలు పెట్టుకుని వాడి నోట్లో పెడతావా?"

"గొట్టానికి ఎంగిలి లేదు కదత్తా. నిప్పు కడుగుతుంది."

"నిప్పు కడిగేది అటు కొసనిరా. మూతి పెట్టేది ఇటు కొస."

ఈ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే తల తిరిగింది. నలభై ఏళ్లకు పైగా ఆ గొట్టం నా చేతిలో ఉంది. అప్పటిదాకా ఈ సంగతి నాకెందుకు తట్టలేదు? అత్తగారు చెప్పింది, నేను వల్లించాను. చదువు లేనప్పుడు తట్టలేదంటే అర్థముంది. చదువుకున్నాక కూడా తట్టలేదు.

మేస్టారు అక్కడే ఉన్నారు. రిటైరైపోయిన స్కూలు మేస్టారు. వాళ్లావిడ వ్రతానికి హారం పట్టుకెళ్దామని వచ్చి షావుకారు బల్ల పక్క కుర్చీలో కూర్చున్నారు. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. నాకు అక్షరాలు పెట్టించింది ఆయనే. సాయంత్రాలు వాళ్ల అరుగు మీద, పలక మీద నా చెయ్యి పట్టుకుని. ఆయన ముందు నేనెప్పుడూ గొంతు లేపి ఎరగను.

"ఏమ్మా, నువ్వు కూడా ఈ మాస్కుల పిచ్చిలో పడ్డావా?" అన్నారు. "ముక్కూ మూతీ మూసుకుంటే మనం వదిలిన విషపు గాలి మనమే పీలుస్తాం. లోపల ప్రాణవాయువు తగ్గిపోతుంది. అతనికి దగ్గొచ్చింది ఆ గుడ్డ వల్లే. ఇదిగో, ఫోనులో వచ్చింది. ఎవరో పెద్ద డాక్టరు చెప్పాడు."

"ఆ డాక్టరు పేరేంటి మేస్టారూ?"

ఆయన ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు. "పేరు... పంపినవాడు రాయలేదు."

"కింద సంతకం లేని కాగితాన్ని నమ్మొద్దని మీరే కదండీ చెప్పారు. వేలిముద్ర వేసే ముందు కింద ఎవరి పేరుందో చదువు అని. దానికోసమే కదండీ నేను పలక పట్టుకుంది."

"అది వేరు, ఇది వేరమ్మా."

"ఏం వేరండీ? నలభై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పిన మీరు సంతకం లేని మాట పట్టుకుని తిరుగుతుంటే, నాలాంటి దానికి అక్షరాలెందుకండీ?"

చెవులు వినబడని పెద్దాయన నా మూతి వైపే చూస్తున్నాడు, చిల్లులోంచి ఏమైనా పట్టుకోవచ్చేమోనని.

మేస్టారు తగ్గలేదు. "ఊపిరాడనప్పుడు ఎవడు కట్టుకుంటాడమ్మా గుడ్డ?" అన్నారు.

ఎవరు కట్టుకుంటారో నేను చూశాను. మా పుట్టిల్లు దివిసీమ. ఉప్పెన వచ్చి వెళ్లిన మూడో రోజున మా నాన్న తువ్వాలులో కర్పూరం బిళ్లలు మూటకట్టి ముక్కుకి బిగించుకుని శవాలను మోయడానికి వెళ్లాడు. ఊరి మగవాళ్లందరూ అలాగే వెళ్లారు. పొద్దుగూకేదాకా మోశారు. ఒక్కడు కూడా నాకు ఊపిరాడలేదు, గుడ్డ తీసేస్తాను అనలేదు. గట్టు మీద నిలబడి చూసింది నేను. ఇదంతా ఆ రోజు మేస్టారికి చెప్పాను, ఇంత బాగా చెప్పలేకపోయాను. కోపంలో మాటలు ముక్కలైపోయాయి. "మా నాన్న మోశాడండీ, గుడ్డతోనే మోశాడండీ" అని అదే రెండుసార్లు అన్నాను.

అప్పుడు షావుకారు లేచాడు. "పెద్దమ్మా, ఊరుకో. మాస్కు పెట్టాలని నేను కూడా అన్నాను కదా, అట్ట కూడా పెట్టాను."

వాడు ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"నువ్వు అట్ట పెట్టింది జరిమానాకి భయపడి. మా చిల్లులు నీకు కనబడలేదా? రెండు నెలలుగా చూస్తున్నావు, నవ్వుతున్నావు. మీ పెదనాన్న ఎలా పోయాడో నీకు తెలీదా?"

వాడు పెదనాన్న అనేది మా ఆయన్ని. మా ఆయన ఇదే షెడ్డు మూలన ఆసిడ్ తొట్టె దగ్గర పనిచేశాడు. అతికిన నగలను ఆసిడ్‌లో ముంచి మురికి తీస్తారు. తొట్టెలోంచి పసుప్పచ్చ పొగ లేస్తుంది, కళ్లు మండుతాయి, గొంతులో పొర కట్టినట్టుంటుంది. పాతికేళ్లు ఆ పొగ పీల్చాడు. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు పెద్ద షావుకారు చేతిలో బెల్లం ముక్క పెట్టేవాడు. బెల్లం తింటే పొగ కడుపులోకి దిగి కొట్టుకుపోతుందట. పాతికేళ్లకీ ఇచ్చిన రక్షణ అదొక్కటే. దగ్గి దగ్గి పోయాడు. ఆ పాతికేళ్లలో గుమ్మం పక్కన ఏ అట్టా లేదు. ఏ ఆఫీసువాళ్లూ రాలేదు. మా గుండెల్లోంచి మాకు మాత్రమే వచ్చే దగ్గు కాబట్టి ఎవరికీ పట్టలేదు. అవతలివాడికి అంటుకునే దగ్గు వచ్చేసరికి గుడ్డ తప్పనిసరి అయింది.

ఇదంతా అన్నాను. గుడ్డ వద్దనే మేస్టారినీ, గుడ్డ కనబడితే చాలనే షావుకారునీ, గుడ్డకి చిల్లు పెట్టుకున్న నన్నూ కలిపే తిట్టాను.

"మరి ఏం చేయమంటావు పెద్దమ్మా?"

"కిటికీ తీయి. మనిషికో గొట్టం చేయించు. ఊదేటప్పుడు దూరంగా కూర్చుంటాం, ఊదనప్పుడు చిల్లు లేని గుడ్డ కట్టుకుంటాం. మొదట కిటికీ తీయి."

"కిటికీ తీస్తే మంట నిలబడదు. డిజైన్లు బయటికి పోతాయి. వ్రతం ఆర్డర్లు నెత్తి మీదున్నాయి. అంత భయమైతే ఆయన్ని ఇంటి దగ్గర కూర్చోబెట్టుకో."

మా మరిది నెమ్మదిగా లేచి గుడ్డ ముక్కు మీదికి లాక్కున్నాడు. "కూర్చుంటాను బాబూ. ఇంటి దగ్గరే చేస్తాను. మా నాన్న చేసిన గొట్టం నాకిచ్చేయండి."

"అది షెడ్డు గొట్టం బాబాయ్. గొట్టం గుమ్మం దాటదు కదా."

అది కూడా ఆనవాయితీయే. గొట్టం బయటికి వెళ్తే షెడ్డు కళ తప్పుతుందంటారు. గొట్టం నా చేతిలోనే ఉంది. ఇవ్వనని వెనక్కి పెట్టుకున్నాను. ఇంకో నిమిషమైతే షావుకారుతో గుంజులాట అయ్యేదేమో.

అల్లుడు లేచాడు. ఇంతసేపూ తల దించుకుని ఉన్నవాడు నా చేతిలోంచి గొట్టం తీసుకుని, మూలనున్న కుంకుడుకాయల గిన్నె దగ్గరికి వెళ్లాడు. నగలు తోమే కుంచెతోనే గొట్టం మూతిని తోమాడు. వేడినీళ్లు పోశాడు. మళ్లీ తోమాడు. చొక్కాతో తుడవబోయి, ఆగి, అలాగే తడిగా తెచ్చి మా మరిది చేతిలో పెట్టాడు.

"పట్టుకెళ్లు మామా. ఎంగిలి లేదు," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

షావుకారు ఆపలేదు. ఆపి ఉంటే ఆ రోజు టంకం పీటలన్నీ ఖాళీ అయ్యేవని వాడికి తెలుసు.

మా మరిది ఇంటి వెనక వసారాలో పీట వేసుకున్నాడు. మూడు పక్కలా గాలే. నూనె డబ్బా రేకు కత్తిరించి వంచి దీపం చుట్టూ నిలబెట్టాడు. మంట కదలలేదు. నేను వెళ్లి ఆ రేకుని చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. మూరెడు రేకు! ఆ మూరెడు రేకు ఎవరైనా దీపం చుట్టూ పెట్టి ఉంటే మా షెడ్డు కిటికీ ఇన్నేళ్లూ తెరిచే ఉండేది. ఆసిడ్ పొగ బయటికి పోయేది. మా ఆయన ఇంకో పదేళ్లు ఉండేవాడేమో. ఎవరూ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

మరిది బతికే ఉన్నాడు. రోజుకి పది అతుకులు, ఎక్కువైతే పన్నెండు. ఊపిరి అంతే వస్తుంది. ఆ పదీ ఇప్పటికీ బందరులో ఎవరూ చేయలేని అతుకులు. మేస్టారు తర్వాత నెలరోజులు నాతో మాట్లాడలేదు. ఒకరోజు దారిలో ఎదురుపడ్డారు, ముక్కు మీద గుడ్డ ఉంది.

షెడ్డు కిటికీ వ్రతం సీజను అయ్యాక తీశారు, రేకులు పెట్టి. ఎర్రరంగు అట్ట ఇప్పటికీ గుమ్మం పక్కనే ఉంది, దాని మేకుకి తాళంచెవి తగిలిస్తున్నారు. మాస్కులు పోయాయి. మొన్నీమధ్య షావుకారు దగ్గరికి వెళ్లి, ఆసిడ్ తొట్టె దగ్గర చేసే ఆవిడకి పొగ ఆగే మంచి మాస్కు కొనిపెట్టమని అడిగాను. గుడ్డకి ఆ పొగ ఆగదు, దానికి వేరే రకం ఉంటుందని గుడివాడలో నర్సమ్మ చెప్పింది.

వాడు వింతగా చూశాడు. "కరోనా పోయిందిగా పెద్దమ్మా. ఇంకా మాస్కెందుకు?"

మళ్లీ వెళ్తాను. కొనేదాకా వెళ్తూనే ఉంటాను.

ఆ శుక్రవారం పది గంటల పది నిమిషాలకు ఆ షెడ్డులో ఉన్నది వీళ్లు: చిల్లు మాస్కుతో నేను. చిల్లు లేని గుడ్డతో మా మరిది. మాకందరికీ చిల్లులు కుట్టిన అల్లుడు. మా మూతులు కనబడక, జరిగిందంతా సాయంత్రం నేను మాస్కు తీసి మళ్లీ చెప్పేదాకా తెలియని పెద్దాయన. గడ్డం కింద మాస్కుతో మేస్టారు. అట్ట పెట్టిన షావుకారు. ఇంకా, మూలన ఆసిడ్ తొట్టె దగ్గర, చిల్లు లేని పాత చీర ముక్క ముక్కుకి కట్టుకుని, ఆ గొడవంతా జరుగుతున్నా చేతులు ఆపకుండా హారాలు ముంచి తీస్తూ ఉన్న ఆవిడ. ఆ రోజు ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.